నాయన చెప్పిన పొలిమేర

ఆ తరగతుల్లో నాకు గోనెసంచి వేశారు. మిగతా పదకొండు మందికి జంపఖానా. ఈ మాట మొదటే చెప్పకపోతే, తర్వాత జరిగినదంతా నేను ఊరికే కొని తెచ్చుకున్న తంటాలా కనిపిస్తుంది. మా వాళ్లలోనే కొందరు ఇప్పటికీ అలా అంటారు. అననీ. వాళ్లెవరూ ఆ గోనెసంచి మీద కూర్చోలేదు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. వనపర్తిలో ఒక పఠనమందిరం వాళ్లు బడి వయసు దాటినవాళ్ల కోసం ఎండాకాలంలో పదిహేను రోజుల చరిత్ర తరగతులు పెట్టారు. రాజుల చరిత్ర కాదు, మన ఊళ్ల చరిత్ర, మన జనం బతికిన తీరు అని గోడకు అంటించిన కాగితంలో రాశారు. గ్యాసునూనె దొరకని కాలం కనుక రాత్రిపూట కుదరదు, పొద్దున ఏడు నుంచి పది దాకా అన్నారు. అడుగున పెద్ద అక్షరాలతో 'ఎవరైనా రావచ్చు' అని ఉంది. నేనూ ఆ 'ఎవరైనా'లో ఒకణ్నేనని నమ్మి వెళ్లాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నాగర్‌కర్నూల్‌లో మిషన్ వాళ్ల దగ్గర ఉండి చదువుకొని, వనపర్తిలో వాళ్ల బడిలోనే చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేవాణ్ని. ఎండాకాలం సెలవులు. చేతిలో పని లేదు.

పాఠం చెప్పేది ఒక వకీలు. అందరూ ఆయన్ను పంతులు అనేవారు. చదివినవాడు, ఓపిక గలవాడు, మంచివాడని ఊరంతా చెప్పేది. మొదటి రోజు ఆయన అందరినీ పేరు అడిగాడు. నన్ను మాత్రం ఏ వాడ అని అడిగాడు. చెప్పాను. తలుపు పక్కన గోనెసంచి పరిచారు. అందరినీ 'మీరు' అన్నాడు, నన్ను 'నువ్వు' అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను మాత్రం మరిచిపోలేదు.

అయినా న్యాయం చెప్పాలంటే, అటువంటి పాఠం అంతకుముందు నేను వినలేదు. బావికి ఆ పేరు ఎందుకు వచ్చింది, కరువొచ్చినప్పుడు ఎవరు ఎటు వలస పోయారు, కళ్లంలో ఎవరికి ఎన్ని చేటల గింజలు కొలిచేవారు, ఇవన్నీ చరిత్రేనని ఆయన చెబుతుంటే గోనె గరుకు కూడా మరిచిపోయేవాణ్ని. పదింటికి తరగతి అయిపోతే ఉసూరుమనిపించేది. మళ్లీ లేచి నిలబడ్డప్పుడు, నా దగ్గర నుంచి దూరంగా జరిగి చెప్పులు వేసుకునేవాళ్లను చూస్తే గోనె గుర్తొచ్చేది.

నాలుగో రోజు పంతులు ఒక పని చెప్పాడు. ప్రతి ఒక్కరూ తమ ఊరి చరిత్రలో ఒక సంగతి రాసుకొని రావాలి. దేన్ని బట్టి రాశారో ఆధారం చూపించాలి. మంచివి కొన్ని ఆఖరి రోజు సభలో చదివిస్తారు. గద్వాల నుంచి వచ్చిన ఒక నేతపని ఆయన చీర అంచుల పేర్లు రాస్తానన్నాడు. ఇంకొకరు కరణం ఇంటి కాగితాలు చూస్తానన్నారు. నా దగ్గర కాగితాలు లేవు. మా నాయన ఉన్నాడు.

మా ఊరు పాన్‌గల్ దిక్కు. మా నాయన ఊరి బేగరి. కబురు మోయడం, చావు చెప్పడం, సర్కారు మనుషులు వస్తే మూట మోయడం, ఇవన్నీ ఆయన పనులే. వీటికి ఎవరూ విలువ ఇవ్వరు. కానీ ఒక్క పని ఉంది, దానికి పటేలు కూడా ఆయన వెనకే నడవాలి. పొలిమేర తెలిసింది బేగరికే. రెండు ఊళ్ల మధ్య తగాదా వస్తే బేగరి తలస్నానం చేసి, తడిబట్టలతో, నెత్తిన మన్నుతట్ట పెట్టుకొని హద్దు వెంట నడుస్తాడు. ఆయన ఎటు నడిస్తే అటే పొలిమేర. తప్పు నడిస్తే ఏడాది తిరక్కముందే ఆ ఇంట్లో ఒకరు పోతారని నమ్మకం. మేము ప్రార్థనకు పోయేవాళ్లమే, ఇటువంటివి వట్టి భయాలని పాదిరి చెప్పేవాడే. అయినా వాడలో ఆ నమ్మకం పోలేదు.

మా నాయన అట్లా ఒక్కసారి నడిచాడు. అది నేను నాగర్‌కర్నూల్‌లో ఉన్నప్పుడు జరిగింది. మా ఊరికీ అవతలి ఊరికీ కుంట శిఖం దగ్గర, అంటే కుంట ఎండితే బయటపడే నల్లటి నేల దగ్గర తగాదా. సర్కారు తరఫున భూములు తనిఖీ చేసే గిర్దావర్ వచ్చాడు, రెండు ఊళ్ల పెద్దలు వచ్చారు, నాయన నడిచాడు, తగాదా తీరింది. ఆ సంగతి విన్నప్పుడు నేను బోర్డింగ్‌లో అందరికీ చెప్పుకొని తిరిగాను.

ఆదివారం ఇంటికి పోయాను. నాయన గుడిసె ముందర కూర్చొని నారతాడు పేనుతున్నాడు.

"నాయనా, మన పొలిమేర చెప్పు. రాసుకుంట."

"ఎందుకు?"

"చరిత్ర రాయమన్నరు."

"పొలిమేర చరిత్ర ఎట్లయితది? అది ఆడనే ఉంది గద."

"నువ్వు చెప్పు జర."

"కాయితం మీద ఎందుకు బిడ్డా? నోట్ల ఉంది, సాలదా?"

"నోట్ల ఉన్నది నీతోటే పోతది."

"పోనీ," అన్నాడు, తాడు పేనుతూనే.

నేను వదిలే రకం కాదు. పొయ్యి దగ్గర నుంచి అమ్మ అరిచింది: "చెప్పరాదు! పొద్దటి సంది గా గోనెసంచి ముచ్చటే చెప్తుండు. గిది చెప్తెనన్న జర ఊకుంటడు."

నాయన తాడు పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాడు. పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. మోదుగుబోడు కాడికెల్లి జంటగుండ్లు, జంటగుండ్ల కాడికెల్లి ఎర్రదొన, దొన దాటి రేగుకంప గట్టు. ఒక్కో గుర్తు దగ్గర కాలి బొటనవేలితో నేలను నొక్కేవాడు. మధ్యలో నేను కలం కోసం ఆపితే మళ్లీ మోదుగుబోడు నుంచి మొదలు. ఒక్క గుర్తు విడిచిపెట్టినా తర్వాతది నోటికి రాదన్నాడు. వాళ్ల నాయన అట్లాగే నేర్పాడట. కాకిబండ అనగానే ఆగాడు. గొంతు ఎండినట్టుంది అనుకొని చెంబు అందించాను. తాగలేదు. "కాకిబండ కాడ కుడిచేతికి మళ్లాలె. కుంట తూము ఆవలికి పడాలె," అని గబగబా అనేసి మిగతా గుర్తులు కూడా అదే వేగంతో ముగించాడు.

నేను ఒక్క మాట వదలకుండా రాసుకున్నాను. తిరిగి వచ్చే దారంతా సంతోషమే.

మరునాడు పంతులు అందరి రాతలూ చూశాడు. గద్వాల ఆయన చీర అంచుల పేర్లు చూసి మురిసిపోయాడు. అవి ఆయనకు వాళ్ల అవ్వ చెప్పినవే. నా కాగితం చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"దీనికి ఆధారం ఏది?"

"మా నాయన అయ్యా."

"అది నోటిమాట. నోటిమాట చరిత్ర కాదు. కరణం దగ్గర పటం ఉంటుంది కదా, పోయి అడుగు."

కరణం నన్ను అరుగు కూడా ఎక్కనివ్వడని ఆయనకు తెలియదా? అవ్వ చెప్పిన చీర అంచు ఆధారమట, నాయన చెప్పిన పొలిమేర నోటిమాటట! మధ్యాహ్నం బస దగ్గర కూర్చొని, నా రాతను ఒప్పుకోవాలని పంతులుకు అర్జీ రాశాను. బదులు రాలేదు. రెండు రోజులు చూసి రెండో అర్జీ రాశాను. ఈసారి పఠనమందిరం కార్యనిర్వాహకులందరికీ అని రాసి, పంతులు చేతికే ఇచ్చాను. అందులో ఒక వాక్యం ఉంది. అది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 'మా తండ్రి పొలిమేర నడిచిన మనిషి. ఆయన మాటకు రెండు ఊళ్లు కట్టుబడినవి. ఆయన నాకు చెప్పినదే నేను వ్రాసితిని. ఇంతకన్న ఆధారము ఏ కరణము వద్దను లేదు.'

పంతులు దాన్ని తరగతిలో బయటికి చదివాడు. నన్ను నవ్వులపాలు చేయడానికనే అనుకున్నాను. కొందరు నవ్వారు కూడా. చదివి, కాగితం మడిచి, "సరే. ఆఖరి రోజు నువ్వే మొదట చదువు. వినేవాళ్లే తేలుస్తారు," అన్నాడు.

గెలిచాను. ఆ పూట ఎంత పొంగిపోయానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

తరగతి ముగిశాక, ముందు వరుసలో కూర్చునే ఒకాయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అవతలి ఊరి పటేలు తమ్ముడు ఆయన, చిన్నపటేలు అనేవారు. తొమ్మిది రోజుల్లో నన్ను చూడటం అదే మొదలు.

"ఏం తమ్మీ, ఎన్ని దినాలు గా మూలకు కూసుంటవు? రా, గిట్ల జంపఖానా మీదికి రా."

పోయి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. పటేలు పిలిచాక ఎవరంటారు?

"నీ రాత జర గజిబిజిగుంది. తే, నేను సాపు చేసిస్త. సభల చదివేటప్పుడు తడుముకోవద్దు."

ఇచ్చాను. నా చేత్తో నేనే ఇచ్చాను. మరునాడు పొద్దున జంపఖానా మీద పక్కన కూర్చోబెట్టుకొని అడిగాడు.

"కాకిబండ కాడ కుడిచేతికి మళ్లాలని రాసినవు. ఖరారేనా?"

"ఖరారే పటేలా. మా నాయన చెప్పిండు."

"అప్పుడు మన్నుతట్ట ఎత్తుకొని నడిచినాయనేనా?"

"ఆయనే."

"సోయి ఉండే చెప్పిండా?"

"ఎందుకుండదు? ఒక్క మాట తప్పకుండ చెప్పిండు."

"మంచిది," అన్నాడు. నా భుజం మీద చేయి వేశాడు. వాళ్ల ఇంట్లో ఎవరూ మా వాళ్లను అట్లా ముట్టుకోరు. అడిగిందే ఎందుకు అడుగుతున్నాడు? ఇన్ని గుర్తులు రాశాను, కాకిబండే ఎందుకు? ఆ రోజు పాఠం ఏమిటో ఒక్క ముక్క గుర్తు లేదు. పది కొట్టగానే బసకు కూడా పోకుండా ఊరి దారి పట్టాను. రోహిణికార్తె ఎండ కాకపోయినా నడినెత్తి మాడింది. దారి పొడుగునా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను, ఏమీ ఉండదని. ఊరు దగ్గర పడేకొద్దీ ఆ మాట నేనే నమ్మలేకపోయాను.

నాయన పశువుల దొడ్డి దగ్గర ఉన్నాడు. అమ్మ వినకుండా పక్కకు తీసుకుపోయి జరిగింది చెప్పాను. ఆయన నేల మీద కూలబడ్డాడు.

"వద్దంటి గద బిడ్డా, కాయితం మీద వద్దంటి."

"ఏమైంది చెప్పు నాయనా."

నేను పక్కనే ఉన్నా ఎవరికో దూరంగా ఉన్నవాళ్లకు చెబుతున్నట్టు చెప్పాడు. "కాకిబండ కాడికి వచ్చినం. నేను ముందర, పటేలు ఎనక, గిర్దావర్ సాబు, అవతలోళ్లు. కుడిచేతికి మళ్లాలె. అడుగు ఎత్తిన. మన పటేలు దగ్గిండు. గంతే. ఏమనలే, దగ్గిండు. నేను మళ్లలే. సీదా తాళ్ల దిక్కు పోయిన."

"దగ్గితె?"

"దగ్గితె! మన గుడిసె ఎవరి నేల మీదుంది? గా నీళ్లు ఎవరి బాయియి?"

సీదా పోవడంతో కుంట శిఖం మా ఊరి దిక్కుకు, అంటే మా పటేలు చేతికి వచ్చింది. ఆ ఏడు కలరా గత్తర వచ్చి వాడలో చాలామంది పోయారు. వాళ్లలో మా చెల్లె ఒకతి. నన్ను బోర్డింగ్ నుంచి పిలిపించారు. గత్తరతో పోయిందని నేను ఏడ్చాను. నాయన అట్లా అనుకోలేదని ఆ రోజు దొడ్డి దగ్గర తెలిసింది.

"మరి నాకు సీదా అని చెప్పకపోతివి?" అన్నాను.

"ఎట్ల చెప్పొస్తది? వరుస తప్పితె నోటికి రాదు. మా నాయన చెప్పినట్టే వస్తది." ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పుడు వాళ్లు మళ్ల నడువుమంటరు. మన్నుతట్ట మళ్ల ఎత్తుమంటరు. నేను నడువ బిడ్డా. సచ్చినా నడువ. సీదా పోతె నువ్వొక్కనివి మిగిలినవు. మళ్లితె పటేలు మనల్ని బతకనియ్యడు."

లేచి మళ్లీ దొడ్డి పనిలో పడ్డాడు.

మరునాడు తెల్లవారక ముందే బయలుదేరి తరగతి వేళకు వనపర్తి చేరాను. చిన్నపటేలును వాకిట్లోనే పట్టుకొని, కాగితంలో కొన్ని తప్పులున్నాయి, సరి చేసి ఇస్తానన్నాను.

"తప్పులేం లేవు. మంచిగుంది," అన్నాడు నవ్వుతూ. "నీ కాయితం మా అన్న దగ్గరుంది. చూస్తనన్నడు. సాపు రాసింది పంతులుకిచ్చిన."

పంతులు దగ్గరికి పోయాను. నేను చదవను, నా పేరు కొట్టేయండి అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"రెండు అర్జీలు రాసినవాడివి నువ్వేనా? నీకు సభాభయం పట్టుకుంది. అందరికీ ఉండేదే. నువ్వు రాకపోతే చిన్నపటేలు గారు చదువుతామన్నారు, ఏమీ ఇబ్బంది లేదు."

నిజం చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన వకీలు. హద్దుల తగాదాలే ఆయనకు అన్నం పెట్టేవి. ఆయన ఇంటి అరుగు మీద మా పటేలు కూర్చోవడం నేను చూశాను, చిన్నపటేలు అన్న కూర్చోవడమూ చూశాను. ఎవరి మనిషని నమ్మి చెప్పాలి? నోరు మూసుకొని వెనక్కి వచ్చాను.

ఆఖరి రోజుకు ఇంకా మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ అన్నం సహించలేదు. రాతను దొంగిలించాలనుకున్నాను. చదివేటప్పుడు కుడిచేతికి అన్నచోట సీదా అని చదవాలనుకున్నాను, కానీ నా చేతిరాత కాగితం వాళ్ల ఇంట్లో ఉంది కదా. జ్వరం అని పడుకోవాలనుకున్నాను, పడుకుంటే చిన్నపటేలు చదువుతాడు, అప్పుడు కాదనేవాడే ఉండడు. ఎటు తిప్పి చూసినా నేను అక్కడ ఉండాల్సిందే. అన్నింటికంటే నన్ను భయపెట్టింది నా అర్జీ. ఆయన మాటకు రెండు ఊళ్లు కట్టుబడినవి. నా సంతకంతో, పంతులు సొరుగులో ఉంది.

ఇంకొకటి నాకు అప్పటిదాకా తట్టలేదు. అట్లాంటి సభ ఏది పెట్టుకున్నా సర్కారు మనిషి ఒకరు కూర్చోవాలన్న షరతు మీదే అనుమతి ఇచ్చేవారు. ఆఖరి రోజు వచ్చి గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నది, ఆనాడు పొలిమేర వెంట నడిచిన గిర్దావరే.

చిన్నపటేలు వాళ్ల అన్నను తీసుకొచ్చాడు. తలకు పెద్ద రుమాలు చుట్టుకొని ఆయన ముందు వరుసలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పంతులు నాలుగు మాటలు చెప్పి నా వంక చేయి చాపాడు. లేచాను. చిన్నపటేలు సాపు చేసిన కాగితం నా చేతికి వచ్చింది. నిజంగానే ముత్యాల్లాంటి అక్షరాలు. కాకిబండ కింద గీత గీసి ఉంది. మోదుగుబోడు, జంటగుండ్లు, ఎర్రదొన. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. గిర్దావర్ కళ్లు మూతలు పడుతున్నాయి. పడనీ, పూర్తిగా పడనీ అనుకుంటూ చదివాను. అయిపోయింది. కొందరు చప్పట్లు కొట్టారు.

చిన్నపటేలు లేచాడు. "పంతులుగారూ, చాన మంచిగ రాసిండు. ఒక్క ముచ్చట ఖరారు చేసుకుంటం. గిర్దావర్ సాబు గూడ ఉన్నరు. కాకిబండ కాడ పొలిమేర కుడిచేతికి మళ్లుతదని వీళ్ల నాయన చెప్పిండట. నడిచింది గూడ ఆయననే."

గిర్దావర్ కళ్లు తెరిచాడు. "కాకిబండా? సీదా పోయినం గద మనం."

"గదే అడుగుతున్న సాబ్."

గది అంతా నా వంక తిరిగింది. పంతులు, పాపం, నాకు ధైర్యం చెబుతున్నాననుకొని, సొరుగు లాగి అర్జీ తీశాడు. "భయపడకు. నువ్వే రాశావు కదా," అని ఆ వాక్యం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. ఎవరో దగ్గు ఆపుకుంటున్నారు.

"అది నోటిమాట అయ్యా," అన్నాను.

"ఏమిటి?"

"నోటిమాట. ఆధారం లేదు. మా నాయనకు వయసైంది. వరుస సరిగ్గ తెల్వదు. తెల్వని కాడ నేనే కల్పించి రాసిన."

"మరి ఈ అర్జీ?"

"కోపం మీద రాసిన. తప్పయింది."

చిన్నపటేలు నా వంక వంగాడు. "నిన్న మొన్న గట్ల చెప్పలే గద తమ్మీ. ఖరారే, ఖరారే అంటివి."

"జంపఖానా మీద కూసోబెడితివి పటేలా. అడిగినదానికల్ల అవునంటి."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అందరూ నవ్వారు. గిర్దావర్ కూడా నవ్వి, "కహానీ బాగనే చదివిండు," అని మళ్లీ వెనక్కి వాలాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నమ్మరు. పెద్ద రుమాలాయన తమ్ముణ్ని చూసి, "బేగరోని కొడుకు మాటకు నన్ను గింత దూరం గుంజుకొస్తివి? లే, పోదాం," అన్నాడు. ఆ మాట కూడా నేను మింగాను.

పంతులు ముఖం వెలిగిపోయింది. "చూశారా! పదిహేను రోజులుగా నేను మొత్తుకునేది ఇదే," అని మొదలుపెట్టి, నోటిమాటకూ ఆధారానికీ తేడా ఏమిటో నన్నే చూపించి చాలాసేపు చెప్పాడు. నన్ను నిలబెట్టే చెప్పాడు. చివర అందరికీ యోగ్యతాపత్రాలు ఇచ్చారు. నా పత్రం మీద ఆయన స్వహస్తాలతో ఒక వాక్యం ఎక్కువ రాశాడు, తన పొరపాటును తానే గ్రహించిన విద్యార్థి అని. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. పటం కట్టించలేదు.

పత్రం తీసుకొని బయటికి వచ్చాను. చెప్పులు విడిచే చోట, గోడ నీడలో, మా నాయన కూర్చొని ఉన్నాడు. కిటికీ సరిగ్గా ఆయన నెత్తి మీద ఉంది.

"ఎప్పుడొచ్చినవు?"

"మీ అమ్మకు గా ముచ్చట చెప్పిన. ఆమెనే పంపింది. నిన్ను లోపలికి పోవద్దని చెప్పుమన్నది. నేను వచ్చేవరకే నువ్వు సదువుతుంటివి."

ఇద్దరం నడిచాం. ఊరు దాటిన తర్వాత ఒక గట్టు మీద కూర్చొని మూట విప్పి జొన్నరొట్టె నా చేతిలో పెట్టాడు. తిన్నావా అని అడిగాడు, ఎండ మండుతుందన్నాడు, పెద్దావు ఈనేట్టుందన్నాడు. సభ మాట ఎత్తలేదు. నేనే ఆగలేక, ఇంక ఎవరూ నడవమనరు నాయనా అన్నాను. "అవును, అనరు," అన్నాడు.

నిజంగానే ఎవరూ అనలేదు. అవతలి ఊరివాళ్లు మళ్లీ ఆ తగాదా ఎత్తలేదు. అందుకు నేను సంతోషించాలి. సంతోషించాను కూడా, కొన్నాళ్లు.

ఆ తర్వాత రెండేళ్లకు కావచ్చు, ఒక సాయంత్రం నాయన ఒక్కడే ఉన్నప్పుడు, పొలిమేర ఇంకొకసారి చెప్పమని అడిగాను. నా చేతిరాత కాగితం అవతలి ఊరిలో ఉండిపోయింది. సాపు రాసింది నేనే చింపేశాను. రేగుకంప గట్టు దాటిన తర్వాతి గుర్తులు నాకు వరుసగా రావడం లేదు. ఈసారి రాయను, విని నేర్చుకుంటాను అని కూడా చెప్పాను.

"నాకు వరుస సరిగ్గ తెల్వదంటివి గద, అందరి ముందర," అన్నాడు.

"అది ఎందుకన్ననో నీకు తెల్వదా నాయనా?"

"తెలుసు బిడ్డా." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను వాదించేవాణ్ని, వాదించడం నాకు వచ్చు. "తెలుసు. ఏమో, అప్పటి సంది నిజంగనే సరిగ్గ వస్తలేదు."

నిజంగా రాలేదో, రానట్టే ఉన్నాడో, నేను కనుక్కోలేకపోయాను. మళ్లీ మళ్లీ అడిగాను. వేరేవాళ్లెవరైనా అయితే విసుక్కునేవారు. ఆయన ప్రతిసారీ అదే మాట, అంతే మెల్లగా చెప్పాడు.

నాయన పోయిన నెలకు మా ఊరి పటేలు కబురు పెట్టాడు. వెళ్లి వాకిట్లో నిలబడ్డాను. పొలిమేర నీకు చెప్పిపోయిండా అని అడిగాడు. లేదన్నాను. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఆయన నన్ను కాసేపు చూసి, "మంచిదే," అని లోపలికి వెళ్లిపోయాడు.